అమెరికాలో ఈఆర్ టెక్నీషియన్ ఉద్యోగం: ఎలా చేరాలి, ఏం చేయాలి, జీతం ఎలా లెక్కేసుకోవాలి

ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి, ఇక్కడ నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ కాగితాలు కదిలేదాకా ఇంట్లో కూర్చోలేక సతమతమయ్యేవాళ్ళు, ఎంబీబీఎస్ అయిపోయి డాక్టర్ లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈకి చదువుకుంటున్నవాళ్ళు, హెచ్-4 మీద పని అనుమతి కార్డు (ఈఏడీ) చేతికొచ్చినా ఐటీ వైపు మనసు పోనివాళ్ళు, ఇక్కడే పెరిగి మెడికల్ స్కూల్‌కో పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) స్కూల్‌కో వెళ్ళడానికి పేషంట్ల దగ్గర పనిచేసిన గంటలు కూడబెట్టుకుంటున్న పిల్లలు. మన తెలుగువాళ్ళలో వీళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఏళ్ళ తరబడి చదవకుండా, ఆస్పత్రిలో పేషంటు పక్కన నిలబడి చేసే పని ఏదైనా ఉందా అని. ఉంది. అదే ఎమర్జెన్సీ రూమ్ టెక్నీషియన్ ఉద్యోగం. మాటల్లో ఈఆర్ టెక్ అంటారు. ప్రకటనల్లో మాత్రం ఈడీ టెక్, ఎమర్జెన్సీ కేర్ టెక్నీషియన్, పేషంట్ కేర్ టెక్నీషియన్ అని రకరకాల పేర్లతో కనిపిస్తుంది. వెతికేటప్పుడు అన్ని పేర్లతోనూ వెతకండి.

ఒక మాట ముందే చెప్తాను. గంటకు ఎంత ఇస్తారన్నది ఒక్కటే చూసి చేరకండి. ఒక ఆస్పత్రిలో టెక్ చేత ఈసీజీలు తీయిస్తారు, రక్తం తీయిస్తారు, కట్లు కట్టిస్తారు. ఇంకో ఆస్పత్రిలో రోజంతా స్ట్రెచర్లు తోయడం, గదులు సర్దడం తప్ప ఏమీ ఉండదు. రెండు చోట్లా జీతం ఇంచుమించు ఒకటే ఉంటుంది. రెండేళ్ళ తర్వాత చూస్తే మాత్రం ఆ ఇద్దరి చేతుల్లో ఉన్న పనికి పోలికే ఉండదు.

ముందు మీ కాగితాలు చూసుకోండి

గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే ఈ భాగం వదిలేయండి. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు, భర్తకో భార్యకో గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయి ఉంటే ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. ఈ వెసులుబాటు 2015 నుంచి ఉంది. కార్డు చేతికొచ్చాకే పనిలో చేరాలి. ఎల్-2 స్పౌస్‌కి పనిచేసే హక్కు స్టేటస్‌తోనే వస్తుంది. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతం తీసుకుని పనిచేయకూడదు, వాళ్ళకి ఆస్పత్రి వాలంటీర్ దారి ఉంది. ఎఫ్-1 స్టూడెంట్లు వారాంతాల్లో చేసేద్దాం అనుకోకండి, స్టేటస్‌కే ముప్పు. ఈ ఉద్యోగానికి డిగ్రీ అక్కర్లేదు కాబట్టి దీని మీద హెచ్-1బీ కూడా రాదు.

ఈఏడీ ఉన్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌లో చాలా కేటగిరీలకి, హెచ్-4కి కూడా, పాత ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు రాకముందే పాతది ముగిసిపోతే ఆ రోజు నుంచి షిఫ్టులు ఆపేయాల్సిందే. గడువుకి 180 రోజుల ముందు నుంచి రెన్యూవల్ వేసుకోవచ్చు కాబట్టి ఆ తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

పని ఎలా ఉంటుందో తెలుసుకోండి

షిఫ్ట్ మామూలుగా పన్నెండు గంటలు. ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు, లేదా రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు. వెళ్ళగానే మీకిచ్చిన గదులన్నీ చూసుకోవాలి. గొంతులో అడ్డుపడేవి లాగే సక్షన్ పనిచేస్తోందా, ఆక్సిజన్ వస్తోందా, చేత్తో నొక్కి ఊపిరందించే ఆంబూ బ్యాగ్ ఉందా, మానిటర్ వైర్లు ఉన్నాయా అని. పేషంటు ఊపిరి ఆగిపోయిన క్షణంలో సక్షన్ గొట్టం లేదని తెలిస్తే అందరి చూపూ టెక్ మీదే పడుతుంది.

ఆ తర్వాత పనికి వరస ఉండదు. బీపీ, పల్స్, ఆక్సిజన్, జ్వరం చూడటం, పేషంట్లని సీటీకి తీసుకెళ్ళడం, గాయాలు కడిగి డాక్టర్ కుట్లు వేయడానికి సిద్ధం చేయడం, విరిగిన చేతికి కదలకుండా స్ప్లింట్ (బద్ద) కట్టడం, క్రచెస్‌తో నడక నేర్పడం. నడవలేనివాళ్ళని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడం, దుప్పటి తడిస్తే మార్చడం కూడా టెక్ పనే. ఆత్మహత్య ఆలోచనలతో వచ్చినవాళ్ళ పక్కన గంటల తరబడి కన్నార్పకుండా కూర్చోవడమూ ఉంటుంది. అప్పుడు ఫోన్ తీయకూడదు. తలుపుకి మీరు దగ్గరగా ఉండాలి, పేషంటు మీకూ తలుపుకీ మధ్య ఉండకూడదు.

గుండె ఆగినవాళ్ళు వస్తే ఛాతీ మీద నొక్కేది ఎక్కువగా టెక్‌లే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండు అంగుళాల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిచ్చి, రెండు నిమిషాలకి మనిషి మారాలి. అలిసిపోయాక కూడా పట్టుబట్టి నొక్కితే లోతు తగ్గిపోతుంది, పేషంటుకే నష్టం. మార్చమని అడగడానికి మొహమాటపడకండి.

ఈ ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన పని నా దృష్టిలో ఈసీజీ. ఛాతీ నొప్పి అని ఒక మనిషి తలుపు దాటి లోపలికి వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టర్‌కి చూపించాలన్నది అమెరికాలో గుండె వైద్యుల సంఘాలు పెట్టిన ప్రమాణం. ఆ పది నిమిషాలు మీ చేతిలో ఉంటాయి. పేషంటుని పడుకోబెట్టి, చెమట ఉంటే తుడిచి, అవసరమైతే రోమాలు తీసి, ముందు ఛాతీ ఎముక పైభాగాన ఉన్న చిన్న గట్టు వేలితో తడిమి పట్టుకోవాలి. దాని పక్కనే రెండో పక్కటెముక తగులుతుంది. అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ పక్కటెముకల మధ్య నాలుగో సందు దగ్గర ఛాతీ ఎముకకి పేషంటు కుడివైపు వీ1 అనే స్టిక్కర్ (ఎలక్ట్రోడ్), ఎడమవైపు వీ2. తర్వాత వీ4 ముందు పెట్టాలి, ఐదో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి గీత గీస్తే తగిలే చోట. వీ2కి వీ4కి నడుమ వీ3. వీ5, వీ6 రెండూ వీ4 ఎత్తులోనే చంక వైపుకి వెళ్తాయి. కొత్తవాళ్ళు తొందరలో వీ1, వీ2 పైకి పెట్టేస్తారు. అలా పెడితే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు, ఉన్నది దాగిపోవచ్చు. ఆడవాళ్ళకి తీసేటప్పుడు దుప్పటి కప్పి, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, రొమ్ముని చేతి వెనక భాగంతో పైకి జరిపి దాని కింద పెట్టాలి. సిగ్గుకి భయపడి పైపైన అంటించేస్తే ఆవిడకే అన్యాయం చేసినట్టు. కాగితం రాగానే పాత ఈసీజీతో కలిపి నేరుగా డాక్టర్ చేతికివ్వండి, టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోకండి. ఆయన చూసి సంతకం, టైము వేసేదాకా ఆ పని అయినట్టు కాదు.

రక్తం తీసేటప్పుడు ట్యూబుల మీద లేబుల్ పేషంటు మంచం దగ్గరే అంటించాలి. పేరు, పుట్టిన తేదీ పేషంటు నోటితోనే చెప్పించుకోవాలి. "మీరు రావు గారే కదా" అని అడిగితే నొప్పిలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటాడు. స్ప్లింట్ కట్టకముందు ఒకసారి, కట్టాక ఒకసారి వేళ్ళు కదులుతున్నాయా, స్పర్శ తెలుస్తోందా, నాడి అందుతోందా చూసి రాయాలి.

ఏం చేయకూడదో కూడా నేర్చుకోండి

ఇండియాలో డాక్టర్‌గానో నర్స్‌గానో పనిచేసి వచ్చినవాళ్ళకి ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. ఈసీజీ చూడగానే హార్ట్ ఎటాక్ అని మీకు అర్థమైపోతుంది. డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి, కానీ పేషంటుతో ఆ మాట అనకండి. టెస్టు రిజల్టులు చెప్పడం, జబ్బు పేరు చెప్పడం టెక్ పని కాదు. మందులు ఇవ్వడం కూడా చాలా చోట్ల టెక్ పరిధిలోకి రాదు. ఐవీ (నరంలోకి సెలైన్ గొట్టం) పెట్టవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఆస్పత్రిని బట్టి మారుతుంది. రక్తం తీయడానికి కాలిఫోర్నియా, వాషింగ్టన్, నెవాడా, లూజియానా రాష్ట్రాల్లో విడిగా అనుమతి పత్రం కావాలి.

"ఇక్కడ చాలా లేటవుతుంది, అర్జెంట్ కేర్‌కి వెళ్తే చవక కదా" అని తెలిసినవాళ్ళకి సాయం చేస్తున్నట్టు కూడా చెప్పకండి. 1986లో వచ్చిన ఎంటాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి మనిషినీ, డబ్బున్నా లేకున్నా, పరీక్ష చేసి తీరాలి. మీ మాట విని ఆ మనిషి వెళ్ళిపోతే అది ఆస్పత్రి మెడకి చుట్టుకుంటుంది.

ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోట్ల పనిచేస్తే, ఏదో ఒకరోజు గుడిలో కనిపించే ఆంటీయో, పిల్లల స్కూల్లో పరిచయమైన వాళ్ళో స్ట్రెచర్ మీద కనిపిస్తారు. మీకు అప్పజెప్పని పేషంటు ఫైలు తెరిచి చూసినా పేషంట్ల వివరాల గోప్యత కాపాడే హిపా చట్టం ప్రకారం తప్పే, ఉద్యోగం పోతుంది. కంప్యూటర్‌లో ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో అంతా నమోదవుతుంది. ఇంటికొచ్చాక భర్తతో కూడా చెప్పకూడదు, ఇక వాట్సాప్ గ్రూపు సంగతి వేరే చెప్పాలా.

పిల్లల్ని చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళకి ఇంగ్లీష్ రాక కంగారు పడుతుంటే మీరు తెలుగులో నాలుగు ధైర్యపు మాటలు చెప్పండి. ఆ మొహాల్లో వచ్చే మార్పు చూడాల్సిందే. కానీ జబ్బు చరిత్ర, ఆపరేషన్‌కి ఒప్పుకోలు లాంటివి వచ్చినప్పుడు ఆస్పత్రి ఇంటర్‌ప్రెటర్ లైను పెట్టమని నర్సుకి చెప్పండి. దానికి పేషంటు పైసా కట్టక్కర్లేదు. అర్హత ఉన్న అనువాదకులే ఆ పని చేయాలన్నది చట్టం.

సర్టిఫికెట్లు తెచ్చుకోండి

హైస్కూల్ చదువు, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళ బీఎల్‌ఎస్ (సీపీఆర్ లాంటి ప్రాణరక్షణ శిక్షణ) కార్డు. ఈ రెండూ దాదాపు అంతటా అడుగుతారు. బీఎల్‌ఎస్ ఒక్కరోజు క్లాసు, కార్డు రెండేళ్ళు చెల్లుతుంది. చేతితో చేసి చూపించే భాగం లేని, పూర్తి ఆన్‌లైన్ కార్డులు కొనకండి, ఆస్పత్రులు ఒప్పుకోవు.

దీనిపైన ఎక్కువ ఆస్పత్రులు కోరేది ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) సర్టిఫికెట్. కొన్ని చోట్ల సీఎన్‌ఏ (నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్) ఉన్నా, నర్సింగ్ స్కూల్లో మొదటి క్లినికల్ సెమిస్టర్ అయినా తీసుకుంటారు. నన్నడిగితే ఈఎంటీయే చేయండి. కమ్యూనిటీ కాలేజీలో ఒక సెమిస్టర్, సుమారు 150 నుంచి 190 గంటలు. అంబులెన్స్‌లోనూ ఈఆర్‌లోనూ కొన్ని షిఫ్టులు కూడా అందులో భాగమే. మీరు ఉండే కౌంటీ కాలేజీలో ఫీజు బాగా తక్కువ. ప్రైవేటు బూట్‌క్యాంపులు నాలుగు వారాల్లో అయిపోతుందని చెప్తాయి కానీ ఖరీదు ఎక్కువ, చిన్నపిల్లల తల్లులకి ఆ వేగం అందుకోవడం కష్టం.

కోర్సు అయ్యాక నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష. కంప్యూటర్ మీద 70 నుంచి 120 ప్రశ్నలు, రెండు గంటలు. మీరు రాసేదాన్ని బట్టి ప్రశ్నలు బరువెక్కుతుంటాయి, కాబట్టి కష్టంగా అనిపిస్తే టెన్షన్ పడకండి. పాసయ్యాక రాష్ట్ర లైసెన్సుకి విడిగా అప్లై చేయాలి. చాలామంది ఇది మర్చిపోయి ఉద్యోగం వచ్చాక పరుగులు పెడతారు.

ఈలోపు మీ టీకా కాగితాలు వెతికి పెట్టుకోండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా), చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీ. ఇండియాలో వేయించుకున్నవాటికి కాగితం దొరకకపోతే రక్తపరీక్షతో నిరూపించుకోవచ్చు. టీబీకి చర్మం మీద చేసే పరీక్ష వద్దని, రక్తపరీక్ష చేయమని అడగండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనవాళ్ళకి చర్మ పరీక్ష ఉత్తపుణ్యానికి పాజిటివ్ రావచ్చు.

అప్లికేషన్, ఇంటర్వ్యూ

ఆస్పత్రి సొంత వెబ్‌సైట్‌లోనే అప్లై చేయండి. రెజ్యూమెలో ఇండియా డిగ్రీలు దాచకండి, కానీ పైన పెట్టాల్సింది మాత్రం ఈఎంటీ, బీఎల్‌ఎస్, రాత్రులూ వారాంతాలూ చేయగలనన్న మాట. క్లినికల్ షిఫ్టుల్లో తీసిన ఈసీజీలు, చేసిన సీపీఆర్ లాంటివి పేరు పెట్టి రాయండి.

ఇంటర్వ్యూలో ఎలాగూ వచ్చే ప్రశ్న ఒకటుంది. ఒకేసారి నాలుగు పనులు మీద పడితే ముందు ఏది చేస్తారు? ఛాతీ నొప్పి పేషంటుకి ఈసీజీ, ఒకరికి బాత్‌రూమ్, ఒకరికి సీటీ, ఒకరికి దుప్పటి. ఈసీజీ ముందు అని అందరూ చెప్తారు. బాత్‌రూమ్ పేషంటు ఒంటరిగా లేచి పడిపోకుండా పక్కనున్నవాళ్ళకి కేకేసి చెప్తాను, సీటీ ఆలస్యమవుతుందని నర్సుకి తెలియజేస్తాను అని కూడా చెప్పేవాళ్ళు అరుదు. ఆ జవాబుకే ఉద్యోగం వస్తుంది.

మీరూ అడగండి. ఇక్కడ టెక్‌లు రక్తం తీస్తారా, ఐవీ పెడతారా, స్ప్లింట్లు కడతారా? ఒక్క టెక్ ఎన్ని గదులు చూడాలి? రెండు గంటలు షాడో చేయడానికి, అంటే పక్కనుండి పని చూడటానికి కుదురుతుందా? షాడోకి ఒప్పుకుంటే తప్పకుండా వెళ్ళండి. బ్రేక్‌రూమ్‌లో టెక్‌లు మాట్లాడుకునే తీరు చూస్తే ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది.

జీతం ఇలా లెక్కేసుకోండి

అమెరికా ప్రభుత్వ లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో ఈఆర్ టెక్‌లకి వేరే లెక్క ఇవ్వదు. దగ్గరి ఉద్యోగాలు చూసి అంచనా వేసుకోవాలి. 2024 మే లెక్కల ప్రకారం ఈఎంటీలకి ఏడాదికి మధ్యస్థ జీతం 41,340 డాలర్లు, నర్సింగ్ అసిస్టెంట్లకి 39,530, పారామెడిక్‌లకి 58,410. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. ఈఎంటీ లెక్కని గంటకి మారిస్తే 20 డాలర్లకి కాస్త తక్కువ.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ లెక్క వారానికి 40 గంటలు, ఏడాదికి 2,080 గంటల మీద వేసింది. ఈఆర్‌లో ఫుల్‌టైమ్ అంటే వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, 36 గంటలు. ఏడాదికి 1,872. గంటకు 20 డాలర్లయితే 41,600 కాదు, 37,440. ఇంకా లోతుకి వెళ్తే, ఏడు నుంచి ఏడు దాకా ఉండే షిఫ్టులో అరగంట భోజనానికి కోస్తే జీతం పదకొండున్నర గంటలకే. అప్పుడు 35,880. ఒకే గంట రేటుకి దాదాపు ఆరువేల తేడా. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు "షిఫ్టుకి ఎన్ని గంటలకి జీతం ఇస్తారు" అని స్పష్టంగా అడగండి.

రాత్రులకీ వారాంతాలకీ గంటకు కొంత అదనంగా ఇస్తారు. ఉదాహరణకి రాత్రికి 3 డాలర్లనుకోండి, మూడు షిఫ్టులూ రాత్రివే చేస్తే ఏడాదికి 5,616 పైన వస్తుంది. పిల్లలు స్కూలుకెళ్ళే వయసులో ఉంటే ఆ డబ్బుకి పగటి నిద్ర కుదురుతుందో లేదో ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే ఒప్పుకోండి.

మామూలుగా వారానికి 40 గంటలు దాటితేనే ఓవర్‌టైమ్, ఒకటిన్నర రెట్లు. కాబట్టి నాలుగో షిఫ్టు తీసుకుంటే మొదటి 4 గంటలు మామూలు రేటు, మిగతా 8 గంటలు ఒకటిన్నర. 20 డాలర్ల మీద 240కి బదులు 320 వస్తుంది. భోజనానికి కోసిన అరగంటలో మిమ్మల్ని పనికి పిలిస్తే ఆ డబ్బు మీకు రావాలి, అది ఫెడరల్ చట్టం. క్లాక్ అవుట్ చేసేటప్పుడు భోజనం చేయలేదన్న బటన్ నొక్కండి. "ఎందుకులే గొడవ" అని వదిలేసేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. అది మీ కష్టార్జితం, వదలకండి.

ఊరిని బట్టి తేడా చాలా ఉంటుంది. కాలిఫోర్నియాలో పదివేల మందికి పైగా ఉద్యోగులున్న ఆరోగ్య సంస్థలు గంటకు కనీసం 23 డాలర్లు ఇవ్వాలని 2024 అక్టోబర్ 16 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. అది 2025 జూలైకి 24, 2026 జూలైకి 25. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు, ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లే అక్కడ లెక్క. ఆస్పత్రులు అంతకంటే చాలా ఎక్కువే ఇస్తాయి కానీ బేరమాడే బలం తక్కువ. అయితే టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటద్దె తేడా కూడా కలుపుకుని చూడాలి.

ఆఫర్ మీద సంతకం పెట్టేముందు ఇంకో మూడు విషయాలు అడగండి. పేషంట్లు తక్కువున్న రోజు జీతం లేకుండా ఇంటికి పంపేస్తారా? జాయినింగ్ బోనస్ ఇస్తే ఎన్నాళ్ళలోపు మానేస్తే తిరిగి కట్టాలి? ఇండియాలో చేసిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా? మూడోదానికి చాలా చోట్ల అడిగితేనే అవునంటారు. పాత ఆస్పత్రి అనుభవ పత్రం స్కాన్ చేసి పంపండి. పీఆర్‌ఎన్ అని ఇంకో రకం ఉంటుంది, అవసరమైనప్పుడే షిఫ్టులిస్తారు, గంట రేటు ఎక్కువ, ఇన్సూరెన్స్ ఉండదు. భార్యాభర్తల్లో ఒకరికి ఇన్సూరెన్స్ ఉంటే అదీ మంచిదే.

మొదటి మూడు నెలలు

నేర్పే టెక్ పక్కన ఉన్నన్నాళ్ళూ, చూడటం కాదు, చేయడం అడగండి. గంట ఖాళీ దొరికితే సప్లై రూమ్‌లో ఏ డ్రాయర్‌లో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేలా తిరగండి. సూది గుచ్చుకుంటే దాచకండి. వెంటనే సబ్బు నీళ్ళతో కడిగి, ఛార్జ్ నర్సుకి (ఆ షిఫ్టు బాధ్యత చూసే నర్సుకి) చెప్పి, అప్పటికప్పుడే ఎంప్లాయీ హెల్త్‌కి వెళ్ళండి. హెచ్‌ఐవీ నివారణ మందులు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండే అవకాశం బాగా తక్కువ. ఖర్చు ఆస్పత్రిదే.

మీ మీద చెయ్యి చేసుకున్న పేషంటు గురించి రిపోర్టు రాయండి. "తాగి ఉన్నాడులే పాపం" అని ఊరుకుంటే రేపు ఇంకొకరికి దెబ్బ తగులుతుంది.

డబ్బుని చదువుగా మార్చుకోండి

ఈఆర్ టెక్ జీతం కొన్నేళ్ళకి ఒక చోట ఆగిపోతుంది. అక్కడే ఉండాలనుకునేవాళ్ళని తక్కువగా చూడను, ఏ ఈఆర్ అయినా నడిచేది వాళ్ళ మీదే. పైకి వెళ్ళాలనుకుంటే మాత్రం ట్యూషన్ సాయం గురించి చేరిన రోజే హెచ్‌ఆర్‌ని అడగండి. ఏడాదికి 5,250 డాలర్ల దాకా చదువు సాయం మీద ఫెడరల్ పన్ను పడదు. చాలా ఆస్పత్రులు ఆ మొత్తం చుట్టూనే ఇస్తాయి. కొన్ని చోట్ల ఆరు నెలలో ఏడాదో పనిచేశాకే మొదలవుతుంది, పార్ట్‌టైమ్‌కి సగమే ఇస్తారు, తర్వాత కొంతకాలం అక్కడే ఉంటానని రాయించుకుంటారు. ఆ కాగితం పూర్తిగా చదవండి. ఆ సాయంతో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీ చేసి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అయితే, 2024 లెక్కల ప్రకారం మధ్యస్థ జీతం 93,600 డాలర్లు. పీఏ స్కూల్ పిల్లలు ప్రతి షిఫ్టు గంటలూ, సూపర్‌వైజర్ పేరూ నెలనెలా ఒక షీటులో రాసుకోండి. అప్లికేషన్ నింపే రోజున రెండేళ్ళ కిందటి సంగతి గుర్తు రాదు, అప్పటికి ఆ సూపర్‌వైజర్ వేరే ఊరికి మారిపోయి ఉండవచ్చు.